దవడ ఎముక అరిగినోళ్ళు ఫుల్ ఇంప్లాంట్లు ఎంచుకునేటప్పుడు

మా నెల్లూరులో పళ్ళన్నీ పోయినోళ్ళు చాలామంది ఇంప్లాంట్ల కోసం (దవడ ఎముకలోకి దించే లోహపు స్క్రూలు, వాటి మీద పళ్ళు కడతారు) నేరుగా చెన్నై బండెక్కేస్తారు, ఎక్కండి కానీ ముందు ఇక్కడే సీబీసీటీ స్కాన్ (దవడని 3డీలో చూపించేది) తీయించుకోండి, మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు కనపడుద్ది గానీ మందం తెలీదు.

ముందువైపు ఎముక బాగుండి వెనక అరిగితే ఆల్ ఆన్ ఫోర్ చూడొచ్చు, నాలుగు ఇంప్లాంట్ల మీదే ఆ దవడ పళ్ళన్నీ, వెనక రెండూ ఏటవాలుగా దించుతారు కాబట్టి చాలామందికి ఎముక గ్రాఫ్ట్ (అరిగినచోట ఎముక అతికించడం) తప్పుద్ది. పైదవడలో అసలేం మిగల్లేదా, జైగోమాటిక్ అని చెంప ఎముకలోకి దించే పొడుగువి ఉన్నాయి, సుమారు 30 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా. ఇది అందరు డాక్టర్లూ చేసేది కాదు, ఎన్ని చేశారో మొహమాటపడకుండా అడగండి. గ్రాఫ్ట్ అంటే నెలల తరబడి ఆగాల.

షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండుమూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చూపించండి, ఎముకల బలానికి మాత్రలో ఇంజెక్షన్లో వాడుతుంటే దాచొద్దు, దవడ ఎముక కుళ్ళే ప్రమాదముంది. సిగరెట్, చుట్ట మానాల్సిందే.

బడ్జెట్ లేదా? కింద దవడకి రెండు ఇంప్లాంట్ల మీద క్లిప్పు కట్టుడుపళ్ళు, నన్నడిగితే చాలామంది పెద్దోళ్ళకి అదే చాలు. కొటేషన్‌లో తాత్కాలిక పళ్ళు, ఫైనల్ పళ్ళు రెండూ ఉన్నాయో లేదో చూస్కోండి.