సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కదలికల నాణ్యతను అంచనా వేసే విధానం

సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే లోపం) ఉన్న బిడ్డ ఏయే పనులు చేయగలదో జీఎంఎఫ్ఎం (గ్రాస్ మోటార్ ఫంక్షన్ మెజర్, అంటే కూర్చోవడం, నిలబడటం, నడవడం వంటి పెద్ద కదలికలను కొలిచే) పరీక్ష ఒక్కో పనికి 0 నుంచి 3 వరకు మార్కులిచ్చి తేలుస్తుంది. ఎలా చేస్తోందన్నది వేరుగా చూడవలసిన విషయం. అందుకోసం, పాదాలు, మోకాళ్లు, తుంటి స్పష్టంగా కనిపించే దుస్తుల్లో, చెప్పులు లేకుండా నిలబడటాన్ని, నడకను, మెట్లెక్కడాన్ని ముందు నుంచీ పక్క నుంచీ వీడియో తీసి, నిదానంగా పలుమార్లు చూడాలి. శరీర భాగాల అమరిక, స్థిరత్వం, సమన్వయం, బరువు మార్పిడి (శరీర బరువును ఒక కాలి నుంచి మరో కాలిపైకి మార్చడం), ఒక అవయవం మరొకదానితో నిమిత్తం లేకుండా కదలగలగడం అనే ఐదు లక్షణాలను ఒక్కొక్కటిగా పరిశీలించాలి. అన్నిటినీ ఒకేసారి చూస్తే, కొట్టొచ్చినట్టు కనిపించే లోపమే మిగతావాటిపై అభిప్రాయాన్ని మార్చేస్తుంది. వీటిలో బరువు మార్పిడిని తేల్చడం అంత సులభం కాదు, ఎందుకంటే మొండెం పక్కకు ఒరిగినంత మాత్రాన ఆ పక్క కాలిపైకి బరువు చేరినట్టు కాదు. మరోసారి కొలిచేటప్పుడు కెమెరా కోణం మారకూడదు.