కవరు నుంచి విడదీయకండి: ఆర్టిస్టు స్టాంపుల సేకరణ

మామూలు స్టాంపులు సేకరించేవాళ్ళు ఆర్టిస్టు స్టాంపుల జోలికొస్తే ముందు ఒక అలవాటు మానుకోవాలి: కవరు ముక్క కత్తిరించి నీళ్ళగిన్నెలో నానబెట్టడం. ఇవి తపాలాశాఖవి కావు, ఆర్టిస్టులు స్టాంపుల్లా సొంతంగా వేసుకున్న బిళ్ళలు. వీటిలో ఇంక్‌జెట్ ప్రింట్లు, రబ్బరు ముద్రలు, వాటర్‌కలర్లు చాలానే ఉంటాయి. తడి తగిలితే రంగు దిగిపోతుంది. దిగకపోయినా ఆధారం పోతుంది. 1957లో ఫ్రెంచి చిత్రకారుడు ఈవ్ క్లైన్ పారిస్‌లో తన ప్రదర్శన ఆహ్వానాల మీద ఒట్టి నీలం బిళ్ళ అంటించి పోస్టు చేశాడు. తపాలా ముద్ర పడ్డ కవరుతో ఉంటే అది చరిత్ర. ఊడదీస్తే చిల్లుల అంచున్న నీలం కాగితం. ఎవరిదో ఎలా రుజువు చేస్తారు?

ఇలా పోస్టులో పంపుకునే కళను మెయిల్ ఆర్ట్ అంటారు. దాన్ని కొనడం కన్నా పంపి తెచ్చుకోవడమే పద్ధతి. ఎవరో ఒక అంశం, సైజు, గడువు చెప్పి పిలుపు ఇస్తారు. జ్యూరీ ఉండదు, ఫీజు ఉండదు, పంపింది తిరిగి రాదు. చివర్లో పాల్గొన్నవాళ్ళందరి వివరాలతో కేటలాగో జాబితానో వస్తుంది. మీకు పనికొచ్చేది ఆ జాబితాయే, మార్పిడికి మనుషులు అందులోనే దొరుకుతారు. ఫీజు అడిగితే వదిలెయ్యండి.

మార్పిడికి మీ దగ్గరా మీ బిళ్ళల షీటు ఒకటి ఉండాలి. చిల్లులు వేయడానికి కుట్టుమిషన్ చాలు. దారం తీసేసి, కుట్టు పొడవు 2 మి.మీ. పెట్టి, బొమ్మ పైకి ఉండేలా గీతల వెంట నడపండి. స్టాంపు చిల్లులను 2 సెం.మీ.కి ఎన్ని అని లెక్కిస్తారు, అంటే ఇది 10 అవుతుంది. 1.5 మి.మీ. పెడితే చేతిలోనే చిరుగుతుంది. 2.5 దాటితే చింపినప్పుడు బొమ్మలోకి చీలుతుంది. జిగురు కావాలంటే చిల్లులకు ముందే రాయాలి, తర్వాత రాస్తే చిల్లుల్లోంచి బొమ్మ మీదికి కారుతుంది. 30 గ్రాముల తుమ్మబంక 60 మి.లీ. నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, నాలుగైదు చుక్కల గ్లిజరిన్ కలపండి. షీటు అంచులు అట్టకు టేపుతో బిగించి పల్చగా రాస్తే చుట్టుకుపోదు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, ఆరదు.

పంపేటప్పుడు మీ బిళ్ళ కవరు వెనకో, ఎడమ దిగువనో ఉండాలి. కుడి పైమూల అసలు స్టాంపుది, పూర్తి చార్జీతో. లేకపోతే అందుకునేవాళ్ళ నెత్తిన బేరింగ్ (తక్కువైన చార్జీ వసూలు) పడుతుంది.

చేతికొచ్చిన షీటును భూతద్దంతో వెనక నుంచి చూడండి. చిల్లు చుట్టూ కాగితం పైకి లేచి గరుగ్గా తగిలితే సూది పని. చుక్కలా శుభ్రంగా తెగి ఉంటే పర్ఫొరేటింగ్ మిషన్. తర్వాత ఖాళీ అంచు చూడండి. సంతకం, ఏడాది, 12/50 (యాభై షీట్లలో పన్నెండోది) లాంటి సంఖ్య అక్కడే రాస్తారు, కాబట్టి అంచు చింపకండి. (అంచును తక్కువ చూడొద్దు: 1941లో ఫ్రాన్స్‌లోని గుర్స్ నిర్బంధ శిబిరంలో జర్మన్ చిత్రకారుడు కార్ల్ ష్వేజిగ్ బొమ్మలు గీసింది స్టాంపు షీట్ల ఖాళీ అంచుల మీదే.)

దాచేటప్పుడు మెత్తటి పీవీసీ ఆల్బమ్ వద్దు. అందులో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ జిరాక్సు టోనర్‌ను మెత్తబరిచి, బొమ్మను ఆల్బమ్ ప్లాస్టిక్‌కు అంటిస్తుంది; లాగితే సగం అక్కడే ఉండిపోతుంది. పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి. జిగురున్న షీట్ల మధ్య గ్లాసీన్ అనే నున్నటి పల్చని కాగితం పెట్టి, నిలువుగా, ఒత్తిడి లేకుండా ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో అయితే పెట్టెలో సిలికా జెల్ తప్పనిసరి. లామినేషన్, సెల్లోటేపు దగ్గరికి రానివ్వకండి.

పంపినవారు, ముద్ర మీది తేదీ, అందిన తేదీ, ఏ పిలుపుకు సంబంధించింది అన్నవి విడి చీటీ మీద పెన్సిల్‌తో రాయండి, వస్తువు మీద కాదు. రెండువైపులా స్కాన్ చేయండి. థర్మల్ ప్రింటులో (షాపు బిల్లుల్లాంటి ముద్రణ) ఉన్నవాటిని వచ్చిన రోజే చేయండి, అవి వెలిసిపోతాయి.