కోర్స్ రోవర్‌తో పాత సర్వే రాళ్లు కలపడం ఎలా

కోర్స్ (ఉపగ్రహ సంకేతాలు అందుకునే స్థిర బేస్ స్టేషన్ల నెట్‌వర్క్) నుంచి సవరణలు తీసుకుని స్థానం కొలిచే పరికరమే రోవర్. దాంట్లో ‘ఫిక్స్’ (లెక్క కచ్చితంగా కుదిరిందన్న సూచన) పడగానే రెండు సెంటీమీటర్ల కొలత చేతికొచ్చినట్టే అనుకుంటాం. బేస్ స్టేషన్‌కు మనమెంత దూరంలో ఉన్నామో తేలిందనే దానికి అర్థం. ఆ బేస్ విలువలు ఏ రెఫరెన్స్ ఫ్రేమ్‌లో (స్థానాలను లెక్కించే ఆధార చట్రం), ఏ తేదీకి ఉన్నాయో ఫిక్స్ చెప్పదు. హద్దు తగాదాలకు దారితీసే పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి.

మన భూఫలకం ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. కోర్స్ విలువలు ఒక నిర్ణీత తేదీకి కట్టి ఉంటాయి. పీపీపీ పద్ధతి (దగ్గర్లో బేస్ లేకుండా ఒక్క రిసీవర్‌తోనే కొలవడం) కొలిచిన రోజు స్థానాన్నే ఇస్తుంది. రెంటినీ ఒకే జాబ్‌లో కలిపితే, మధ్య 20 ఏళ్ల తేడా ఉంటే గట్టు మీటరు జరిగిపోతుంది. అందుకే ఫ్రేమ్, ఎపాక్ (ఆ విలువల తేదీ), మౌంట్‌పాయింట్ (సవరణలు వచ్చే స్ట్రీమ్ పేరు) మూడూ ఫీల్డ్ బుక్కులో రాయాలి. ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి పాత లెక్క) మీద గీసిన పాత టోపోషీట్లనైతే డేటమ్ (స్థానాల లెక్కకు ఆధారం) మార్చకుండా రోవర్ కొలతల మీద వేయనే వద్దు. తేడా వంద మీటర్లు దాటుతుంది.

యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి పరిచే మ్యాప్ పద్ధతి) జోన్ కూడా చూసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44. ఆదోని, హిందూపురం 78 డిగ్రీల రేఖాంశానికి పడమర కాబట్టి 43. పలాస, ఇచ్ఛాపురం 84 దాటాయి కాబట్టి 45.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది గ్రిడ్ దూరం, అంటే యూటీఎం మ్యాప్ మీద లెక్కించిన దూరం. విజయవాడ 44వ జోన్ మధ్యరేఖకు దగ్గర. అక్కడ నేలమీద కిలోమీటరు యూటీఎంలో సుమారు 38 సెంటీమీటర్లు తగ్గుతుంది. హైదరాబాద్‌లో తిరగబడుతుంది: ఊరి ఎత్తు కూడా లెక్కేసుకుంటే 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. విజయవాడ లెక్కలో ఎకరానికి దాదాపు నాలుగు గజాలు తరుగు. ఎఫ్‌ఎంబీలో (సర్వే నంబర్ల కొలతలుండే పాత సర్వే పుస్తకం) ఉన్నది గొలుసుతో నేలమీద కొలిచిన దూరం. కాబట్టి గ్రిడ్ దూరాన్ని స్కేల్ ఫ్యాక్టర్‌తో (గ్రిడ్, నేల దూరాల నిష్పత్తి) నేల దూరంగా మార్చాకే పోల్చండి. గొలుసులో నూరోవంతైన ఒక లింకు 20.1168 సెంటీమీటర్లు, 20తో సరిపెట్టకండి.

ఎత్తుల విషయం పొలం హద్దులకు అంతగా అక్కర్లేదు, కాలువ పనికి మాత్రం ప్రాణం. విజయవాడలో రోవర్ మైనస్ ఎత్తు చూపితే కంగారు పడొద్దు. అది ఎలిప్సాయిడ్ ఎత్తు, సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు. దాన్ని సముద్రమట్టం ఎత్తుగా మార్చే జియాయిడ్ మోడల్ వేసి, దగ్గర్లోని బెంచ్‌మార్క్‌తో (ఎత్తు తెలిసిన గుర్తు) సరిచూడండి.

పని మొదలుపెట్టేముందు విలువ తెలిసిన పాయింట్ మీద రోవర్ పెట్టి చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే ముందు పోల్ ఎత్తు, బుడగ చూడండి. ఎలివేషన్ మాస్క్ (ఇంతకన్నా కిందున్న ఉపగ్రహాలను వదిలేసే కోణం) 10–15 డిగ్రీలు చాలు. ప్రతి రాయినీ రెండుసార్లు కొలవండి. మధ్యలో కనీసం అరగంట విడిచి, ఫిక్స్ తెంపి మళ్లీ పట్టాలి. చింతచెట్టు కింద తప్పుడు ఫిక్స్ పడితే అది బయటపడేది ఇలాగే. రెండు కొలతలూ కలవకపోతే చెట్టు బయట రెండు పాయింట్లు పెట్టి, అక్కడి నుంచి టోటల్ స్టేషన్‌తో (కోణం, దూరం కొలిచే పరికరం) రాయి స్థానం తెచ్చుకోండి.

ఇక ఎఫ్‌ఎంబీని కూర్చోబెట్టడం, అంటే దాని పటాన్ని కొలిచిన రాళ్లకు సరిపెట్టడం. రెండువైపులా దూరాలు నేలవే కాబట్టి స్కేల్‌ను 1 దగ్గర బిగించి, జరపడం, తిప్పడం మాత్రమే వదలండి. స్కేల్ వదిలేస్తే జరిగిన రాయి తప్పు అన్ని రాళ్లకూ పంచబడి కనిపించకుండా పోతుంది. పొలం చుట్టూ విస్తరించిన నాలుగు రాళ్లయినా ఉండాలి, వాటిలో ట్రైజంక్షన్ రాయి (మూడు గ్రామాల హద్దులు కలిసే చోటిది) ఉంటే మరీ మంచిది. ఒక రాయి తేడా మిగతావాటికన్నా బాగా ఎక్కువుంటే దాన్ని పక్కనపెట్టి మళ్లీ కూర్చోబెట్టండి. మిగతావి చక్కగా సర్దుకుంటే ఆ రాయిని ఎవరో కదిపి ఉంటారు. దాని కోసం పటం మొత్తాన్నీ లాగకండి. ఆ రాయి తేడాను విడిగా రాసి, ఇరుపక్కల రైతులనూ పిలిచి చూపించండి.