ఆర్థరైటిస్ తొలిదశలో చెప్పులు లేకుండా నడవాలంటే

మోకాళ్లలో అరుగుదల మొదలైనవారికి పొద్దున మంచం దిగి గ్రానైట్ గచ్చు మీద వేసే మొదటి అడుగే నరకం. మా విజయవాడ ఇళ్లలో ఎక్కడ చూసినా ఆ గట్టి నేలే. నాకు పనిచేసిన పద్ధతి ఇది.

మంచం దిగకముందే పడుకుని పాదాలను ముందుకు, వెనక్కు 20 సార్లు ఆడించండి. తర్వాత మడమను పరుపు మీదే జరుపుతూ ఒక్కో మోకాలిని 10 సార్లు మడిచి చాపండి. చివరగా మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు ఉంచి వదలండి. ఇదీ 10 సార్లు. తొడ కండరం బిగుసుకోవడం చేతికి తెలియాలి, అదే అసలు పని.

అప్పుడు జంపఖానాను రెండు మడతలు వేసి పరిచి, దాని మీద వట్టికాళ్లతో 5 నిమిషాలు నడవండి. జారకుండా అంచులను మంచం కోళ్ల కింద నొక్కిపెట్టడం తప్పనిసరి. వారానికి 2 నిమిషాలు పెంచుతూ, అలవాటయ్యాక పార్కులో మెత్తని మట్టి మీదికి మారవచ్చు. వేసవిలో మాత్రం ఎండ ఎక్కకముందే; మా ఊరి సిమెంటు దారి అరికాళ్లను కాల్చేస్తుంది.

నడిచాక నొప్పి 2 గంటలు దాటినా తగ్గకపోతే మరునాడు సగమే నడవండి. కీలు వాచి వేడిగా ఉంటే ఆపి డాక్టరుకు చూపించండి. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవారు వట్టికాళ్లతో అసలు నడవకూడదు. అరుగుదల కాలి బొటనవేలి కీలులో ఉంటే కూడా ఇది పనికిరాదు, వేలు వంగనివ్వని, అడుగు గట్టిగా ఉండే చెప్పులే వారికి హాయి.