మైక్రోవేవ్‌లో మెరుపులొస్తున్నాయా? ముందు కుడిపక్క గోడ చూడండి

మా మైక్రోవేవ్‌కి తొమ్మిదేళ్లు. సంక్రాంతికి ముందు ఒకరోజు పప్పు వేడి చేస్తుంటే లోపల చటచటమంటూ నీలం మెరుపులొచ్చాయి. చూడ్డానికొచ్చిన మెకానిక్ "మాగ్నెట్రాన్ పోయిందమ్మా, కొత్తది కొనుక్కోవడమే నయం" అన్నాడు. మాగ్నెట్రాన్ అంటే ఓవెన్‌లో వేడి చేసే తరంగాలు పుట్టించే భాగం. తీరా చూస్తే పోయింది అరచేయంత అట్టలాంటి ముక్క.

మెరుపులు, చటచట, కాలిన వాసన

వెంటనే ఆపి గిన్నె చూడండి. స్టీలు చెంచా, అల్యూమినియం ఫాయిల్, బంగారు అంచున్న కప్పు... ఏది ఉన్నా మెరుపులు రావొచ్చు. గ్రిల్ కోసమిచ్చిన ఇనప స్టాండుని మైక్రో మోడ్‌లో లోపలే మర్చిపోయి ఉంటారేమో కూడా చూడండి.

అవేవీ లేకపోతే లోపలి గోడ మీద, చాలా వాటిలో కుడిపక్కన, అట్టలాంటి బూడిదరంగు ముక్క ఉంటుంది. అదే మైకా షీటు. మాగ్నెట్రాన్ నుంచి తరంగాలు దాని గుండానే లోపలికొస్తాయి. తాలింపు నూనె చిట్లి దాని మీద పడుతుంది, ఎండుతుంది, మాడి బొగ్గవుతుంది. బొగ్గులోంచి కరెంటు పారుతుంది కాబట్టి మెరుపు అక్కడే పుడుతుంది. మా షీటుకి కింది మూల పెసరగింజంత నల్లమచ్చ, మధ్యలో చిన్న చిల్లు.

ప్లగ్ తీసి, చల్లారాక, తడిగుడ్డతో మెల్లగా తుడవండి. జిడ్డు మాత్రమే అయితే అంతటితో సరి. మాడినా, చిల్లు పడినా మార్చాల్సిందే. విడిభాగాల షాపుల్లో పెద్ద షీటు దొరుకుతుంది. పాతదాన్ని దానిమీద పెట్టి పెన్సిల్‌తో గీసి కత్తెరతో కత్తిరించుకోవచ్చు. మాకు పది నిమిషాలు పట్టింది. షీటు లేకుండా మాత్రం ఓవెన్ నడపొద్దు. నూనె, ఆవిరి నేరుగా మాగ్నెట్రాన్ వైపు పోతాయి.

గోడ పెయింటు లేచి తుప్పు పట్టినా మెరుపులొస్తాయి. తుప్పు తినేసి బొక్క పడితే ఆ ఓవెన్ ఇక వాడొద్దు.

లైటు వెలుగుతుంది, ప్లేటు తిరుగుతుంది, వేడి లేదు

ముందు పవర్ ఎంతలో ఉందో చూడండి. ఇంట్లో ఎవరో డీఫ్రాస్ట్‌లో వదిలేసి ఉంటారు, మా ఇంట్లో అయితే ఎప్పుడూ అదే. తర్వాత వేడికి తట్టుకునే గాజు గిన్నెలో పావు లీటరు నీళ్లు పోసి, ఫుల్ పవర్ మీద 1 నిమిషం పెట్టండి. 800 వాట్ల ఓవెన్‌లో నీళ్ల వేడి సుమారు 40 డిగ్రీలు పెరగాలి. గోరువెచ్చగా కూడా కాకపోతే మాగ్నెట్రానో, డయోడో, కెపాసిటరో, తలుపు స్విచ్చో పోయినట్టు.

ఇక్కడ మన పని అయిపోయింది. మిక్సీ విప్పిన ధైర్యంతో దీని వెనక మూత తీయకండి. కెపాసిటర్‌లో దాదాపు 2000 వోల్టులుంటాయి, ప్లగ్ తీసేశాక కూడా నిలవుండొచ్చు. ప్రాణం పోతుంది.

అన్నం అంచుల్లో పొగలు, మధ్యలో చల్లన

ఇది మెషిన్ తప్పు కాదు. ఇళ్లలో వాడే ఓవెన్లు 2.45 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఆ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. గోడలకి తగిలి వెనక్కొచ్చిన తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల తగ్గిపోతాయి. అందుకే లోపల కొన్నిచోట్ల వేడి ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ. నమ్మకం లేకపోతే తిరిగే ప్లేటు తీసేసి, ఒక ప్లేటుని కదలకుండా పెట్టి, పెద్ద అప్పడం కాల్చండి. కొన్నిచోట్ల పొంగి మచ్చలొస్తాయి, పక్కనే పచ్చిగా ఉంటుంది.

అన్నాన్ని కుప్పగా పెట్టకుండా మధ్యలో గుంట చేయండి. రెండు చెంచాల నీళ్లు చిలకరించి, కొంచెం సందు వదిలి మూత పెట్టండి. సగంలో ఆపి కలపండి, దించాక రెండు నిమిషాలు ఆగండి. ప్లేటు తిరగకపోతే కింది రింగు చక్రాలు తీసి కడగండి. ఎండిన సాంబారు పట్టేసి ఉంటుంది.

పసిపిల్లల పాలసీసా మాత్రం ఇందులో వద్దు. సీసా పైకి గోరువెచ్చగానే ఉంటుంది, లోపల పాలు ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి.

జిడ్డు, చేపల వాసన

గిన్నెలో నీళ్లు, అరచెక్క నిమ్మరసం, ఆ తొక్కతో సహా వేసి, ఒక చెక్క గరిటె కూడా అందులో ఉంచండి. గరిటె ఎందుకంటే, నున్నటి గిన్నెలో నీళ్లు బుడగలు రాకుండానే మరిగేంత వేడెక్కి, కదిలించగానే మొహం మీదికి ఎగదన్నుతాయి. నాలుగు నిమిషాలు పెట్టి, తలుపు తీయకుండా ఇంకో అయిదు నిమిషాలు ఆగండి. ఆవిరికి మరకలు నానతాయి, మెత్తటి గుడ్డతో వచ్చేస్తాయి. పైకప్పు మర్చిపోకండి, అందరూ వదిలేసేది అదే. స్టీలు పీచు వాడితే పెయింటు లేచిపోతుంది. వాసన ఇంకా ఉంటే చిన్న గిన్నెలో వంటసోడా పోసి రాత్రంతా లోపల ఉంచండి, పొద్దున్నే తీసేయండి.

పొగ, మంట

తలుపు తీయొద్దు. గాలి తగిలితే మంట పెరుగుతుంది. గోడ స్విచ్ ఆపి, మంట ఆరేదాకా ఆగండి.

స్టార్ట్ నొక్కగానే ఎంసీబీ (లోడు ఎక్కువైతే తానే ఆగిపోయే మెయిన్ బోర్డు స్విచ్) పడిపోతోంది

కన్వెక్షన్ ఓవెన్లు 2000 వాట్లు దాటి లాగుతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి కాకుండా నేరుగా 16 ఆంప్స్ సాకెట్‌కి పెట్టండి. అయినా పడుతుంటే లోపల షార్ట్ ఉండొచ్చు, టెక్నీషియన్‌ని పిలవండి. ఒకసారి మా అక్క వాళ్లింట్లో అలా విప్పిస్తే, సర్క్యూట్ బోర్డు మీద బొద్దింకల కాపురం బయటపడింది.