పెద్దవాళ్ళ బొమ్మల పెట్టె, 6వ పాఠం: బిగుసుకున్న జాయింటు

అలమరలో యాక్షన్ ఫిగర్లను, అంటే చేతులూ కాళ్ళూ కదిలే ప్లాస్టిక్ బొమ్మల్ని, పడిపోకుండా నిలబెట్టడం గురించి ఈసారి రాస్తానని మాటిచ్చాను. దాన్ని ఇంకాస్త వెనక్కి జరుపుతున్నాను. అయిదో పాఠంలో నేను రాసిన ఒకే ఒక్క వాక్యం, "జాయింటు కదలకపోతే వేడినీళ్ళలో ముంచి తిప్పండి" అన్నది, నాకు తెలిసినంతలో నాలుగు చేతుల్ని, ఒక మోకాలిని విరగ్గొట్టింది.

కావలి తమ్ముడొకడు మణికట్టు దగ్గర తెగిపోయిన చేతిని తన అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి పంపాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. అది చూశాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఒంగోలు నుంచి ఒకాయన స్టవ్ మీద సలసల కాగుతున్న నీళ్ళలో బొమ్మను మొత్తంగా వేసేశారు, తీసి టవల్‌తో తుడిస్తే ముఖం మీద రంగు పొరలా లేచొచ్చింది. కందుకూరు అక్కయ్య నీళ్ళ వేడి వరకు జాగ్రత్తగానే ఉన్నారు గానీ, మోకాలు వంచడానికి పాదం పట్టుకుని నొక్కారు. పుటుక్కుమంది. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఎంత వేడి, ఎంతసేపు, ఎక్కడ పట్టుకోవాలి అన్నది నేను రాయలేదు. ఇన్నేళ్ళుగా చేస్తున్న పని కాబట్టి అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను.

విరిగితే ఇంకొకటి కొనుక్కుందాం అనుకునే రోజులు కూడా కావివి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి నుంచి బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు లేని బొమ్మలు మన దేశంలో అమ్మకూడదు. విరిగినదానికి జోడీ వెతకడమంటే నెలల పని.

సరే, మొదటి నుంచి.

జాయింటు కదలట్లేదంటే దాన్ని ఏదో ఒకటి పట్టుకుని ఉంది. ఏది పట్టుకుందో తెలియకుండా నీళ్ళ జోలికి పోవద్దు. ఎక్కువసార్లు అది రంగే. కొత్తగా డబ్బాలోంచి తీసిన బొమ్మలో మోచేతి రెండు ముక్కల మధ్య సందు మీదుగా రంగు పారి ఆరిపోయి ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి, బొమ్మను కంటికి జానెడు దూరంలో పెట్టి చూస్తే ఆ సందు కొన్నిచోట్ల కనపడదు, పూడిపోయి ఉంటుంది. ఇలాంటి జాయింటు అస్సలు కదలదు, తర్వాత "టిక్" మని ఒక్కసారిగా వదులుతుంది. రెండో రకం, అచ్చులోనే బిగుతుగా వచ్చింది. ఇది కొంచెం కదిలి మళ్ళీ వెనక్కి వస్తుంది. మూడోది పాత బొమ్మల్లో చూస్తాం. నిన్నమొన్నటిదాకా కదిలింది, ఇప్పుడు తిప్పితే లోపల ఇసుక నలిగినట్టు ఉంటుంది. అది మురికి. మురికికి వేడి అక్కర్లేదు, గోరువెచ్చటి సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్ చాలు. కందుకూరు అక్కయ్య మోకాలు అసలు మురికి కేసు. ఫోటో పెద్దది చేసి చూస్తే సందులో నల్లగా కనిపిస్తోంది.

ఇప్పుడు మొదటి రెండు రకాలకు వాడే నీళ్ళు. థర్మామీటర్ కొనక్కర్లేదు. ఒక గ్లాసు కాగిన నీళ్ళు గిన్నెలో పోసి, అదే గ్లాసుతో మామూలు నీళ్ళు పోయండి. కాగినవి 100 డిగ్రీలు, మామూలువి 30 అనుకుంటే కలిపాక 65 దగ్గరికొస్తాయి. గిన్నె కొంత వేడి లాక్కుంటుంది కాబట్టి 60 అనుకోండి. అది చాలు. ఒక్కటే జాగ్రత్త, ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్ళు కలపకండి. రోహిణి కార్తెలో నెల్లూరులో ఆ కుళాయి కింద చెయ్యి పెట్టలేం, లెక్క తప్పుతుంది. కుండ నీళ్ళు వాడండి. బొమ్మ మొత్తం ముంచనక్కర్లేదు, కావలసిన జాయింటు వరకే, అర నిమిషం నుంచి నిమిషం.

కాగే నీళ్ళు ఎందుకు వద్దంటే, బొమ్మ అంతా ఒకే ప్లాస్టిక్ కాదు. చేతులు, జుట్టు, అంగీ అంచులు సాధారణంగా మెత్తటి పీవీసీ. ఛాతీ, తొడలు లాంటి గట్టి భాగాలు చాలా బొమ్మల్లో ఏబీఎస్. ఏబీఎస్ మెత్తబడాలంటే 100 డిగ్రీలు దాటాలి, పీవీసీ అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కాగే నీళ్ళలో పడితే మణికట్టులో రెండు ముక్కల్ని కలిపే పీవీసీ పిన్ను ఉడికిన సేమ్యాలా అవుతుంది. అప్పుడు తిప్పితే జాయింటు తిరగదు, లోపల పిన్ను మెలిపడుతుంది. పైకి మాత్రం చెయ్యి తిరిగినట్టే ఉంటుంది, మనకు సంతోషంగా కూడా ఉంటుంది. చల్లారాక రెండోసారి తిప్పినప్పుడు తెగుతుంది. కావలి తమ్ముడికి జరిగింది సరిగ్గా ఇదే. "వేడి మీద బాగానే తిరిగింది అన్నా, మర్నాడు విరిగింది" అని తర్వాత ఫోన్‌లో చెప్పాడు.

పట్టుకోవడం గురించి. జాయింటుకు రెండు వైపులా, వీలైనంత దగ్గరగా పట్టుకోండి. మోకాలు వంచాలంటే ఎడమ బొటనవేలు మోకాలికి కాస్త పైన, కుడి బొటనవేలు కాస్త కింద ఉండాలి. పాదం పట్టుకుంటే అది గడ్డపార పట్టినట్టే, మీరు వేసిన బలానికి ఎన్నో రెట్లు మోకాలి పిన్ను మీద పడుతుంది. బొమ్మ చేతిలోని కత్తి పట్టుకుని మణికట్టు తిప్పేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ముందుకు వెంట్రుకవాసి, వెనక్కి వెంట్రుకవాసి, అలా ఆడిస్తూ పోవాలి. ఆడించేటప్పుడు పిన్ను చుట్టూ చూస్తుండండి. ప్లాస్టిక్ విరిగే ముందు చాలాసార్లు తెల్లబడుతుంది. నల్ల బొమ్మలో, నీలం బొమ్మలో బాగా తెలుస్తుంది. సన్నటి తెల్ల గీత కనిపించిందా, ఆపెయ్యండి. ఆరోజుకి ఆ బొమ్మ జోలికి వెళ్ళొద్దు.

ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి కూడా కొందరు చెబుతారు. చల్లదనానికి ప్లాస్టిక్ కుంచించుకుని రంగు పట్టు వదులుతుందన్నది నిజమే. కానీ చల్లబడిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. నేను చేయను, మీకూ చెప్పను.

ఇక నూనె. ఈ పాఠం ఇంత పొడుగవడానికి అసలు కారణం ఇదే. అయిదో పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న: "కొంచెం కొబ్బరినూనె వేయమంటారా?" కొందరు అడగకుండానే వేసేశారు. కుట్టుమిషన్ నూనె వేసినవాళ్ళున్నారు. తలుపు బందులకు కొట్టే స్ప్రే కొట్టినవాళ్ళూ ఉన్నారు. మన ఇళ్ళలో ఏది కిర్రుమన్నా చేతికి ముందు తగిలేది కొబ్బరినూనె సీసానే, నాకు తెలుసు. మా అమ్మా అంతే. కానీ బొమ్మకు వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఇక మళ్ళీ ఈ ప్రశ్న రాకూడదు.

కొబ్బరినూనె 24 డిగ్రీలకు కాస్త కిందికి వస్తే పేరుకుంటుంది. ధనుర్మాసంలో పొద్దున్నే సీసాలో తెల్లగా గడ్డకట్టడం మీరు చూసే ఉంటారు. జాయింటు లోపలా అదే జరుగుతుంది. ఎండాకాలంలో కరిగి బయటికొచ్చి దుమ్మును పట్టుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ మాగి వాసనొస్తుంది. పోయిన ఏడాది ఒక స్నేహితుడు తెచ్చిన ఆరంగుళాల బొమ్మ మోకాలు విప్పి చూశాను. పిన్ను చుట్టూ నల్లటి జిగురు, కాటుకలా. అందులో రెండు చచ్చిన చీమలు. నూనె వేసి ఏడాది కూడా కాలేదట. పిన్నుకు, సందుకు మధ్య ఉండాల్సిన ఖాళీ మొత్తం ఆ జిగురుతో నిండిపోయింది. వదులు కావాలని వేసిన నూనె జాయింటును ముందుకంటే గట్టిగా బిగించింది. కడగడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

కుట్టుమిషన్ నూనె ఇనుము కోసం చేసిన ఖనిజ నూనె. కొన్ని ప్లాస్టిక్కుల్లో, ముఖ్యంగా బిగుతు మీద ఉన్న పిన్నుల్లో, సన్నటి పగుళ్ళు తెప్పిస్తుంది. అద్దంలా కనిపించే పారదర్శక భాగాలకు ఇంకా ప్రమాదం. తలుపు స్ప్రేల్లో పెట్రోలియం ద్రావకాలుంటాయి, రంగుకూ మంచివి కావు. నెయిల్ పాలిష్ తీసే ద్రవమైతే ఏబీఎస్‌ను కరిగించేస్తుంది, దూది మీద తీసుకుని తుడిచినా సరే.

మరి ఏం వేయాలి? సిలికాన్ నూనె. జిమ్ సామాన్ల షాపులో ట్రెడ్‌మిల్ బెల్టు కోసం చిన్న సీసాలో అమ్ముతారు. సీసా మీద 100 శాతం సిలికాన్ అని రాసుందో లేదో చదివి తీసుకోండి. నేను కొన్నేళ్ళుగా అదే వాడుతున్నాను, ఒక సీసా ఇంకా సగం కూడా కాలేదు. చుక్క కూడా అక్కర్లేదు, సూది మొనకు అంటినంత చాలు. జాయింటుకు తాకించి, పదిసార్లు ఆడించి, బయటికొచ్చింది తుడిచేయండి. బొమ్మకు మళ్ళీ రంగు వేసే ఉద్దేశం ఉంటే మాత్రం ఇది వేయొద్దు, రంగు పట్టదు. తిప్పినప్పుడు టకటకమనే పళ్ళచక్రం జాయింటుకూ వేయొద్దు, దానికి పట్టు ఉండాలి.

వదులైన జాయింటు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. జాయింటులో బంతిలా ఉండే గుండును బయటికి తీసి, దానికి తెల్ల ఫెవికాల్ పలచగా ఒక పొర పూసి, రాత్రంతా ఆరనిచ్చి మళ్ళీ పెట్టండి. ఆరకుండా పెడితే అతుక్కుపోతుంది. ఫెవిక్విక్ వేయొద్దంటాను, దాని ఆవిరి ముదురు రంగు ప్లాస్టిక్ మీద తెల్లటి బూజులా మచ్చ వదులుతుంది. ఫెవికాల్ అయితే తప్పుపోయినా గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి తీసేయొచ్చు.

జాయింటు గురించి ఇంత రాస్తున్నానంటే, ఈ బొమ్మకు ప్రాణమే అది. 1964లో అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో జీఐ జో అనే 12 అంగుళాల సైనికుడి బొమ్మ తెచ్చినప్పుడు 21 కదిలే భాగాలున్నాయని చెప్పి అమ్మింది. డాల్ అంటే మగపిల్లలు కొనరని యాక్షన్ ఫిగర్ అనే పేరు అప్పుడే పెట్టారు. మన తోలుబొమ్మలోనూ అంతే కదా, మోచేతి దగ్గర దారం ముడి బిగుసుకుపోతే హనుమంతుడు గద ఎత్తలేడు.

జీఐ జో మాటొచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 1982 నుంచి వచ్చిన పాత మూడూ ముప్పావు అంగుళాల రకం, మన దగ్గర ఫన్‌స్కూల్ కంపెనీ తయారుచేసి అమ్మినవి కూడా, వేడినీళ్ళలో అస్సలు పెట్టకండి. వాటికి నడుము లోపల ఒక రబ్బరు రింగు ఉంటుంది. కాళ్ళను కలిపే ఇనప కొక్కేనికి తగిలి, నడుము ముక్కలోంచి పైకొచ్చి, ఛాతీలోని స్క్రూ గూటం చుట్టూ పడుతుంది. బొమ్మ నిలబడేది ఆ రింగు బిగింపు మీదే. ఏళ్ళు గడిస్తే రబ్బరు ఎండిపోతుంది. తొంభైలలో మా నాన్న ట్రంకు రోడ్డులో కొనిచ్చిన బొమ్మ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. ఒకరోజు దుమ్ము తుడవబోతే కాళ్ళు చేతిలోకి ఊడొచ్చాయి. చూస్తే రింగు రెండు ముక్కలు. వీపు మీది స్క్రూ విప్పి, ఆ ముక్కల్ని కాగితంలో చుట్టుకుని మోటారు పంపుల స్పేర్ పార్టులు అమ్మే షాపుకు తీసుకెళ్ళాను. చుట్టుకొలతతో పాటు మందం కూడా సరిపోవాలి, మందమైతే ఛాతీ మూసుకోదు. నాలుగో రింగు సరిపోయింది. మన సముద్రపు గాలికి ఆ వీపు స్క్రూలు తుప్పు పడతాయి కాబట్టి సరైన సైజు స్క్రూడ్రైవర్‌తో, నిదానంగా విప్పండి. తల అరిగిందంటే ఇక రాదు.

అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువే ఇస్తున్నాను, చేయకుండా ఏడో పాఠానికి రావొద్దు. తిరునాళ్ళలోనో, స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలోనో దొరికే చవక బొమ్మలు మూడు కొనండి. చేతులూ కాళ్ళూ కదిలేవి చూసుకోండి. మొదటిదానికి ప్రతి జాయింటూ సందులో రంగు పూసి, రెండు రోజులు ఆరబెట్టి, 60 డిగ్రీల నీళ్ళతో విడిపించండి. మూడుసార్లు. రెండోదాని జాయింట్లలో మెత్తటి ఇసుక వేసి సబ్బునీళ్ళతో శుభ్రం చేయండి. తర్వాత రెండు బొమ్మల్లోనూ కొన్ని జాయింట్లకు ఇంట్లోవాళ్ళతో రంగో, ఇసుకో పెట్టించి, కళ్ళు మూసుకుని ఏది ఏమిటో చేత్తో చెప్పండి. పదికి ఎనిమిది సరిగ్గా చెప్పేదాకా ఆపొద్దు. మూడోదాన్ని కావాలని విరగ్గొట్టండి. పాదం పట్టుకుని, నిదానంగా, తెల్ల గీత ఎప్పుడు వస్తుందో, ఆ తర్వాత ఎంతసేపటికి తెగుతుందో చూస్తూ. ఆ గీత ఒకసారి దగ్గరగా చూస్తే మీ మంచి బొమ్మ మీద దాన్ని వెంటనే గుర్తుపడతారు.

కావలి తమ్ముడూ, ఆ మణికట్టు ముక్క పారేయకు. తెగిన రెండు వైపులా 1 మిల్లీమీటరు డ్రిల్‌తో రంధ్రం చేసి పేపర్ క్లిప్ తీగ దింపితే మళ్ళీ నిలుస్తుంది. డ్రిల్ నా దగ్గరుంది. ఆదివారం నెల్లూరు వస్తే ఇద్దరం కూర్చుని చేద్దాం. ఆ రోజు తీసిన ఫోటోలతోనే ఏడో పాఠం మొదలుపెడతాను. అలమర ఇంకొక వారం ఆగుతుంది.