రాయి తీసేశారు, మరి ఈ నొప్పేంటి? స్టెంట్ ఉన్నవాళ్లకి

ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి వైపు నుంచి బరంపురమో విశాఖో వెళ్లి కిడ్నీ రాళ్లు తీయించుకున్నవాళ్లు, అందులోనూ రెండోసారి మూడోసారి రాళ్లు వచ్చినవాళ్లు, ఇంటికి రాగానే అడిగే ప్రశ్న ఇది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే ఉన్నాం కదా, కిడ్నీ అనగానే డయాలసిస్ గుర్తొస్తుంది. స్టెంట్ వేశారంటే కిడ్నీ పాడైందని కాదు. ఆపరేషన్ తర్వాత వాపు వల్ల, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళం మూసుకుపోకుండా వేసే మెత్తని గొట్టం అది.

మూత్రం పోసేటప్పుడు నడుములో ఓ పక్క పోటు వస్తోందా? ముక్కితే మూత్రం ఆ గొట్టం గుండా వెనక్కి కిడ్నీలోకి ఎక్కుతుంది, అందుకే. ముక్కకుండా నెమ్మదిగా పోయండి. గొట్టం కింది చుట్ట మూత్రాశయాన్ని రాసుకుంటుంది కాబట్టి పోసి వచ్చినా మళ్లీ వస్తున్నట్టే ఉంటుంది. డాక్టర్ని అడిగితే టామ్సులోసిన్ లాంటి మాత్ర రాస్తారు, చాలామందికి తేలిక పడుతుంది.

ఎర్రగా వస్తోందా? జీడితోటలో పని చేసిన రోజో, బైక్ మీద తిరిగిన రోజో కాస్త ఎక్కువవడం మామూలే. నీళ్లు బాగా తాగి విశ్రాంతి తీసుకోండి. రక్తం గడ్డలు పడినా, మూత్రం ఆగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చలి, వణుకుతో జ్వరమా? పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఇన్ఫెక్షన్ కిడ్నీ నుంచి రక్తంలోకి పాకితే ప్రాణం మీదికొస్తుంది, అర్ధరాత్రైనా బయల్దేరండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మాత్రం "ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు" అనే మాట. నొప్పి తగ్గింది, ఛార్జీలు దండగ, పనికి హైదరాబాదో చెన్నయో వెళ్లిపోదాం అనుకుంటారు, లోపల స్టెంట్ అలాగే ఉండిపోతుంది. మాటిమాటికీ రాళ్లు వచ్చే ఒంట్లో స్టెంట్ మీద కూడా రాయి త్వరగా పేరుకుంటుంది, అప్పుడు లాగితే రాదు, మళ్లీ లేజర్, మళ్లీ ఆపరేషన్. మామూలుగా కొన్ని వారాల్లో తీసేస్తారు, 3 నెలలు దాటనివ్వకండి. తీసే తేదీని డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా అలారం పెట్టించండి. ఊరు మారితే ఆ కాగితం తీసుకెళ్లండి, అక్కడి యూరాలజిస్టు అయినా తీస్తారు, మొద్దుబారే జెల్ పెట్టి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తీసిన రోజు నడుం నొప్పి రావచ్చు, ఒకట్రెండు రోజుల్లో తగ్గకపోతే చూపించుకోండి.

స్టెంట్ తీయించుకోవడానికి వెళ్లినప్పుడే, తీసిన రాయిని ల్యాబ్‌కి పంపారా అని అడగండి. అది ఏ రకం రాయో తెలిస్తేనే తిండిలో ఏది తగ్గించాలో, ఏ మందు వాడాలో తేలుతుంది.